ఆదోని సముద్రం

ఎండకు కాగిన ఫ్లెక్సీకి ఒక వాసన ఉంటుంది. రంగు, ప్లాస్టిక్కు, వెనకాల కట్టిన పచ్చికర్రలు అన్నీ కలిసి ముక్కులో గుచ్చుకుంటాయి. మొన్న కాలేజీకి పోతుంటే మా వీధి మలుపులో మనిషి నడిచే సందు కూడా వదలకుండా కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో లింగన్న అనే మా నాయకుడు దారిన పోయేవాళ్ళందరికీ నమస్కారం పెడుతున్నాడు. పుట్టినరోజట. పేరుకు ముందు ‘డాక్టర్’ అన్న మాట పేరుకంటే పెద్దగా వేయించుకున్నాడు. ఆ వాసనకు నాకు తుమ్మొచ్చింది, ఆ వెనకే వీరభద్రప్ప సారు గుర్తొచ్చారు. ఆ డాక్టరు పట్టాకు అడ్డం పడిన మనిషి ఈ లోకంలో ఆయన ఒక్కరే. ఆ సంగతి ఈ ఊళ్ళో చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నాను.

నేను చదివిన విశ్వవిద్యాలయం పేరు చెప్పను. దానికి ఆదోని దగ్గర ఒక పీజీ కేంద్రం ఉండేది. అక్కడ అర్థశాస్త్ర విభాగానికి వీరభద్రప్ప సారు అధిపతి, నా పరిశోధనకు గైడు కూడా ఆయనే. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టి, చిన్నప్పుడు నేత నేసి, ప్రొఫెసరయ్యాక కూడా రోజూ ఎమ్మిగనూరు బస్సులోనే టిఫిన్ క్యారియరు ఒళ్ళో పెట్టుకుని వచ్చేవారు. ఎవరైనా సన్మానం చేసి శాలువా కప్పితే, కప్పినాయన వేదిక దిగకముందే దాన్ని తిరగేసి వెనకపక్క చూసేవారు. ఒకసారి ఒక పెద్దమనిషి ముందరే “మిషనుది” అని తేల్చి చెప్పేశారు. ఆ తర్వాత ఆయనకు సన్మానాలు బాగా తగ్గిపోయాయి.

నా పరిశోధనలో మొదటి అధ్యాయం రాసుకుని భయపడుతూ తీసుకుపోతే, ఆయన దాన్ని చివరి పేజీనుంచి తెరిచారు. నేను ఆధారంగా చూపిన పుస్తకాల పేర్లు ఉన్నది అక్కడే.

“చీర కొనేవాళ్ళు ముందుపక్క సూస్తారు పాపా. నేసినోడు తిప్పి సూస్తాడు. తెగిన దారాలన్నీ యెనకపక్కనే కదా ఉండేది,” అన్నారు. తర్వాత ఒక పుస్తకం పేరు మీద వేలు పెట్టి, “ఇది చదివినావా?” అని అడిగారు.

“కొంచెం చదివినాను సార్.”

“కొంచెమంటే?”

“అట్ట, సార్.”

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. “అట్ట బాగుందా?” అని మాత్రం అడిగారు. నేను ఆ పుస్తకం తెప్పించుకుని చదివాను. చదివాక ఆ అధ్యాయంలో సగం కొట్టేయాల్సి వచ్చింది. నాలుగు పేజీలు నిజాయితీగా రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆ కష్టంలో ఒక సుఖం ఉందని మాత్రం ఇంకా చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంతలో ప్రభుత్వం మారింది. ప్రభుత్వం మారితే మా విశ్వవిద్యాలయంలో వైస్ ఛాన్సలరు నుంచి క్యాంటీనులో ఉప్మా కలిపే చెయ్యి దాకా అన్నీ మారతాయి. కొత్త వైస్ ఛాన్సలరు గారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది లింగన్నేనని అందరికీ తెలుసు. రహస్యమేమీ లేదు, లింగన్నే ప్రతి సభలోనూ మైకులో చెప్పేవాడు. అలా కూర్చోబెట్టినందుకు ఆయన పెద్దగా ఏమీ కోరలేదు, ఒక పీహెచ్‌డీ కోరాడంతే. వైస్ ఛాన్సలరు గారు మా సబ్జెక్టు మనిషే కాబట్టి గైడుగా తానే పేరు ఇచ్చుకున్నారు. ‘ఆదోని ప్రాంత రైతుల ఆర్థిక స్థితిగతులు’ అన్నది అంశం. మేము ఏళ్ళ తరబడి దేవనకొండ, పత్తికొండ పల్లెలన్నీ తిరిగి చెప్పులు అరగదీసుకుంటుంటే, లింగన్న సిద్ధాంత గ్రంథం మాత్రం బంగారు అక్షరాల అట్టతో పూర్తయింది. ఆయన మా విభాగానికి ఒక్కసారి కూడా రాకముందే అదొచ్చేసింది.

పీహెచ్‌డీకి చివర్లో మౌఖిక పరీక్ష ఉంటుంది. విభాగాధిపతి దానికి అధ్యక్షుడు. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన పరీక్షకుడూ, అధ్యక్షుడూ ఇద్దరూ సంతకం పెడితేనే పట్టా. పరీక్షకు ముందురోజు వైస్ ఛాన్సలరు గారు సారుకు ఫోను చేశారు. ఫోను పెట్టేశాక సారు నన్ను పిలిచి దాచకుండా చెప్పారు.

“నీ గ్రంథం కూడా ఆయప్ప బల్ల మీదే ఉందంట. లింగన్నది కదిల్తే నీదీ కదుల్తాదంట. లేదంటే రెండూ ఆడనే ఉంటాయంట.”

నేను గ్రంథం సమర్పించి అప్పటికి కొన్ని నెలలైంది. ఒక కాలేజీ వాళ్ళు పట్టా చేతికొస్తే ఉద్యోగమిస్తామని చెప్పి ఉన్నారు. మా ఇంట్లో ఆ ఉద్యోగానికి అప్పుడే దేవుడికి మొక్కులు కూడా మొదలయ్యాయి.

మర్నాడు పొద్దున్నే ఉత్తరాది నుంచి వచ్చే పరీక్షకుణ్ణి తీసుకురావడానికి నన్ను ఆదోని స్టేషనుకు పంపారు. పెద్దమనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. ఆటో ఎక్కగానే చుట్టూ చూసి, “సముద్రం ఏ వైపు?” అని ఇంగ్లీషులో అడిగారు. పరీక్ష అయ్యాక సాయంత్రం ఒడ్డున కాసేపు నడవాలనుకుంటున్నానని, దానికోసం వేరే చెప్పులు తెచ్చుకున్నానని చెప్పారు. ఆయన అడుగుతున్నదేమిటో నాకు అర్థం కాలేదు. ఆదోనికి సముద్రం లేదని చెబితే ఆయన నా మీద జాలిపడ్డట్టు చూసి, సంచిలోంచి లింగన్న గ్రంథం తీసి మూడో అధ్యాయం చూపించారు. ‘ఆదోని తీరప్రాంతం’ అన్నది ఆ అధ్యాయం పేరు. ఉప్పెనలొచ్చి ఆదోని రైతుల పొలాలు మునిగిపోతున్నాయట. ఎవరో కోస్తా జిల్లా మీద రాసిన పాత గ్రంథం తెచ్చి, ఆ జిల్లా పేరున్న చోటల్లా ‘ఆదోని’ అని మార్చేశారు. సముద్రాన్ని మాత్రం తీసేయడం మర్చిపోయారు.

పరుగున పోయి సారుకు చెప్పాను. గ్రంథం ఆయన చేతికి అప్పుడే వచ్చింది. అలవాటు ప్రకారం వెనకనుంచి తిప్పుతూ, “ఈడ చేపల వలల మీద కూడా ఒక పుస్తకం ఉంది పాపా,” అన్నారు. ఏం చేద్దామని అడిగితే, “పరీక్ష కదా, అడుగుదాం. ఏం సెప్తాడో ఆయప్పనే సెప్పనీ,” అన్నారు.

మౌఖిక పరీక్షకు ఎవరైనా రావచ్చు, ఎవరైనా ప్రశ్న అడగొచ్చు, అది నియమం. మామూలుగా నలుగురు విద్యార్థులొస్తారు, అదీ చివర్లో ఇచ్చే సమోసాల కోసం. కానీ లింగన్న మనుషులకు జనం లేకుండా నాయకుడు నిలబడి మాట్లాడటమనేదే తెలియదు. పల్లెపల్లెకూ ట్రాక్టర్లు పంపారు. డప్పులు ముందు వచ్చాయి, గజమాల వచ్చింది, చివర్లో అభ్యర్థి వచ్చాడు. జనం సెమినార్ హాలు నిండి కిటికీల్లోకి ఎక్కారు. చాలామంది చేతుల్లో అర్జీలున్నాయి.

పరీక్షకుడు మర్యాదగా, మీ పరిశోధనలో ముఖ్యంగా తేలిందేమిటని అడిగారు. వైస్ ఛాన్సలరు గారు దాన్ని తెలుగు చేసి చెప్పారు. లింగన్న లేచి, పరీక్షించేవాళ్ళకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి, “నా రైతు సోదరులారా” అని మొదలుపెట్టాడు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు సారు గొంతు సవరించుకున్నారు.

“మూడో అధ్యాయంలో ఆదోని సముద్రం గురించి రాసినారు. దాన్ని గురించి కొంచెం సెప్పండి.”

లింగన్న వైస్ ఛాన్సలరు గారి వైపు చూశాడు. వైస్ ఛాన్సలరు గారు ఫ్యాను వైపు చూశారు. పాపం, జనం ముందు లేదని, తెలియదని లింగన్న పుట్టి బుద్ధెరిగాక అని ఉండడు. ఒక్క క్షణం కూడా తడబడకుండా అన్నాడు.

“సముద్రం సంగతి నా దృష్టిలో ఉంది సార్. పైన మాట్లాడినా. ఫైలు నడుస్తాంది. తొందర్లోనే మంజూరవుతాది.”

హాలు దద్దరిల్లిపోయింది. ఎవరో ఈల వేశారు. దేవనకొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం దిగులుగా చెయ్యెత్తాడు.

“అన్నా, సముద్రం నీళ్ళు ఉప్పుంటాయి గదన్నా. అవి మాకేం పనికొస్తాయి? తుంగభద్ర నీళ్ళే ఇంగ రొంత ఇడిపిస్తే సాలు.”

“రెండూ ఇడిపిస్తా పెద్దాయనా. నువ్వు కూచో,” అన్నాడు లింగన్న.

ఈసారి చప్పట్లకు పరీక్షకుడు కూడా చేతులు కలిపారు, జవాబు చాలా బాగుందనుకుని. తర్వాత ఒకరు బోరు అడిగారు, ఒకరు పింఛను అడిగారు, ఒకావిడ రేషను కార్డులో కోడలి పేరు ఎక్కించమంది. లింగన్న అన్నిటికీ సరేనన్నాడు. అన్ని జవాబులు చెప్పిన అభ్యర్థిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

టీ తాగడానికని సారూ, పరీక్షకుడూ, నేనూ సారు గదిలోకి వచ్చాం. సముద్రం చూడాలంటే ఇక్కడినుంచి ఒక రాత్రంతా రైల్లో పోవాలని సారు చెప్పగానే పరీక్షకుడు కప్పు కింద పెట్టేశారు. గ్రంథం బాగుందని ఆయన నివేదిక ఎప్పుడో పంపేశారు. “మీరు సంతకం పెడితే నేనూ పెడతాను, మీరు మానితే నేనూ మానతాను,” అని గోడ వైపు తిరిగి కూర్చున్నారు. మంచివాడే, ఇంటికి పోయే రైలు గురించి ఆలోచిస్తున్నాడు.

సారు నా వైపు తిరిగారు. “నాకు రిటైర్మెంటు దగ్గరపడింది, నన్ను పెద్దగా చేసేదేం లేదు. పోయేది నీదే. అందుకే నిన్నడుగుతాండా. పెట్టమంటావా?”

నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. ఆ నిర్ణయం ఆయనే తీసుకుని ఉంటే, ఎటు తీసుకున్నా, నేను హాయిగా ఆయన్ని తిట్టుకుంటూ బతికేదాన్ని. బయట డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. ఇంట్లో మొక్కులు గుర్తొచ్చాయి. ఆయన కొట్టించేసిన నా సగం అధ్యాయం కూడా గుర్తొచ్చింది.

“ఆదోనికి సముద్రం లేదు సార్,” అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన తలూపి, నివేదికలో నెమ్మదిగా రాశారు. ‘ఆదోనికి సముద్రం వచ్చిన పిమ్మట ఈ గ్రంథమును మరల పరిశీలింపవచ్చును.’

సముద్రమేమో రాలేదు కానీ కొత్త అధ్యక్షుడు వచ్చాడు. మళ్ళీ పరీక్ష పెట్టారు, ఈసారి తలుపులేసుకుని. లింగన్న డాక్టరయ్యాడు. వీరభద్రప్ప సారును ప్రధాన ప్రాంగణంలో మొక్కల సంరక్షణకు ప్రత్యేకాధికారిగా వేశారు. చూడ్డానికి పోతే పైపు పట్టుకుని కానుగ మొక్కలకు నీళ్ళు పోస్తూ కనిపించారు. “ఈటితో సుఖం పాపా, సిఫార్సు సేస్తే పెరగవు,” అన్నారు. ఆ వైస్ ఛాన్సలరు దిగిపోయేదాకా నా గ్రంథం ఆయన బల్ల మీదనుంచి కదల్లేదు. ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. అమ్మ నాతో కొంతకాలం సరిగ్గా మాట్లాడలేదు.

చివరికి నాకూ పట్టా వచ్చింది. పొరుగు రాష్ట్రంలో ఒక పెద్ద సంస్థలో ఇంటర్వ్యూకు పోయాను. నా విశ్వవిద్యాలయం పేరు చూడగానే బల్ల అవతల ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. పరీక్షకుడు పోయిన చోటల్లా కథ చెప్పాడన్నమాట. “మీ ఊళ్ళో సముద్రం ఎలా ఉంది?” అని అడిగారొకరు, మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. నేను ఎన్ని పల్లెలు తిరిగానో, ఏం రాశానో ఎవరూ అడగలేదు. ఉద్యోగం రాలేదు. మాకందరికీ ఆ పేరే పట్టా మీద ఉంది, లింగన్నకూ నాకూ తేడా ఎవరు చూస్తారు?

అప్పటికి రిటైరైన సారు దగ్గరికి ఎమ్మిగనూరు పోయి నా కడుపుమంటంతా వెళ్ళగక్కాను. ఆయన నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి అంతా విన్నారు.

“బాగా నవ్వినారా?” అని అడిగారు.

“పడీపడీ నవ్వినారు సార్.”

“నవ్వనీ పాపా. నవ్వినారంటే ఆదోనికి సముద్రం లేదని వాళ్ళకింకా తెలుసన్నమాట. నువ్వు పోయి కూచుంటే ఎవరూ నవ్వకపోతే సూడు, ఆ దినం భయపడాల.”

నాకు ఆ మాట అప్పుడు ఏమాత్రం ఓదార్పుగా అనిపించలేదు. మజ్జిగ తాగి, ముఖం ముడుచుకుని బస్సెక్కాను.

సారు ఇప్పుడు లేరు. నేను ఆదోనిలోనే డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పుకుంటున్నాను. ప్రతి ఏడూ కొత్త పిల్లలకు మొదటి క్లాసులో, ముఖంలో నవ్వు కనపడనీయకుండా, లింగన్న మూడో అధ్యాయంలోంచి ఒక పేరా చెబుతాను. ఆదోని తీరప్రాంతం, ఉప్పెనలు, మునిగిన పొలాలు. చెప్పి ఆగుతాను. మామూలుగా రెండో వాక్యానికే ఎవరో కిసుక్కుమంటారు, క్లాసంతా నవ్వుతుంది, అక్కడినుంచి అసలు పాఠం మొదలుపెడతాను.

ఈ ఏడు ఎవరూ నవ్వలేదు. తలలు వంచుకుని అందరూ బుద్ధిగా రాసుకున్నారు. ‘ఉప్పెన’ దగ్గర ఒకబ్బాయి “మళ్ళీ చెప్పండి మేడమ్” అన్నాడు. మళ్ళీ చెప్పాను. అది కూడా రాసుకున్నారు. పెన్నుల చప్పుడు వింటుంటే సారు మాట గుర్తొచ్చింది. నాకు నిజంగా భయమేసింది.

అప్పుడు వెనక బెంచీలో మాధవరం నుంచి వచ్చే ఒక పిల్ల పెన్ను పక్కన పెట్టి, లేవాలా వద్దా అన్నట్టు లేచింది.

“మేడమ్, తప్పుగా అనుకోవద్దు. మా నాయన ఆటోలో ఈ పక్కంతా తిరిగినా మేడమ్. ఆ సముద్రం యాడుంది?”