తల్లుల మాట దిద్దవద్దన్న మేడమ్

మేడమ్ పోయారు. మంగళవారం పొద్దున్న కాలేజీకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే ఆమె చెల్లెలు ఫోన్ చేశారు. "బాబూ, అక్క ఎల్లిపోనాది. తెల్లారగట్ల, నిద్దట్లోనే," అన్నారు. మళ్లీ ఆవిడే, "నువ్వు పంపిన కాయితాలు సగమే సూసినాది. మిగిలినయి నువ్వే సూసుకో మరి," అన్నారు. అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు ఆ మాటకు వచ్చేసింది. మూడు నెలలుగా మూత్రపిండాల జబ్బుతో మంచాన ఉన్న మనిషి, ఎవరివో వాక్యాలు సగందాకా సరిచూసి వెళ్లిపోయారు.

మీలో ఆమెను ఎరిగినవాళ్లు చాలా తక్కువ. ఏ పుస్తకం మీదా ఆమె పేరు లేదు. శ్రీకాకుళం జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో ఉద్యోగమున్నన్నాళ్లూ లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తర్వాత విజయనగరంలో మా కాలేజీ విద్యా విభాగం తెచ్చే పరిశోధన సంకలనాలకు భాష సరిచూసే పనికి ఒప్పుకున్నారు. కృత్రిమ మేధను పిల్లలకు ఎలా పరిచయం చేయాలి, ఫోనూ ఇంటర్నెట్టూ సరిగా అందని ఇళ్లను చదువులోకి ఎలా కలుపుకోవాలి అని అధ్యాపకులు రాసిన వ్యాసాలన్నీ శ్రీకాకుళంలో ఆమె ఇంటికి వెళ్లేవి.

లెక్కల టీచరుకు ఈ పనేమిటని మొదట్లో నేనూ అనుకున్నాను. ఒకసారి అడిగేశాను కూడా. ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "లెక్కలో మెట్టు తప్పితే మార్కు పోతాది. వాక్యంలో తప్పితే మనిసి పోతాడు," అన్నారు. ఆ మాట నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. అది ఎలా అర్థమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమెకు చూపు మందం. వ్యాసాలు పెద్ద అక్షరాల్లో అచ్చు తీయించుకుని, వరండాలో నవారు కుర్చీలో కూర్చుని, పైకి చదువుకుంటూ సరిచూసేవారు. ఎర్ర సిరా ముట్టుకోరు. పెన్సిలే. "రాసినోడికి నచ్చకపోతే తుడుపుకోడానికి ఉండాల," అనేవారు. అంచుల్లో ఎక్కువగా కనిపించే మాట ఒకటే: ఎవరు? ఎవరైనా 'గమనించడమైనది' అని రాస్తే పక్కన 'ఎవరు?' అని ఉండేది. 'అవగాహన కల్పించడమైనది' అంటే 'ఎవరికి? కలిగినాదా? అడిగినారా?' అని ఉండేది. పేరున్న ప్రొఫెసరు రాసినా, నిన్న చేరిన విద్యార్థి రాసినా అదే పెన్సిలు, అదే ప్రశ్న.

'డిజిటల్ సమ్మిళితం' అనే మాటతో ఆమెకు పెద్ద పేచీ ఉండేది. అందరినీ చేర్చుకోవడమని నేను వివరించబోతే మధ్యలోనే ఆపేశారు. "సేర్సుకోడం అంటే నువ్వు ఇంట్లో కూకున్నావు, మిగతోలు గుమ్మం బయట నిలబడ్డారు. అంతే కదా? మరి ఇల్లు ఎలగుంటే ఆలకి బాగుంటాదో ఎప్పుడైనా అడిగినావా?"

నేను రాసిన వ్యాసంలో ఆ ప్రశ్నే లేదు.

ఆ వ్యాసం సంగతి చెప్పాలి. పొందూరులో నూలు వడికే ఇళ్ల తల్లులు పది పన్నెండు మందికి ఫోనులో ఒక యాప్ ఇచ్చాను. మాటతో అడిగితే మాటతోనే పిల్లల పాఠం విడమర్చి చెప్పే యాప్ అది. తల్లులు దాన్ని ఉపయోగించి ఇంట్లో పిల్లల చేత చదివించగలరా అన్నది నా పరిశోధన. చాలామంది రెండు మూడు ప్రశ్నలడిగి మానేశారు. నేను ఇలా తేల్చాను: 'ఈ తల్లులలో సాంకేతిక సాధనాలను వినియోగించుకునే సామర్థ్యం కొరవడింది. కనుక ఇటువంటి సాధనాలను ముందుగా పట్టణ పాఠశాలల్లో ప్రవేశపెట్టడం మేలు.' ఆ వ్యాసం అచ్చయితే నా ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. సంకలనం చదివి ఏ బడులకు ఏమివ్వాలో నిర్ణయించే అధికారులూ ఉన్నారు. అంటే నా వాక్యం మీద నా జీవితమే కాదు, ఆ ఇళ్ల పిల్లల చదువు కూడా కొంత ఆధారపడి ఉంది. అప్పట్లో నాకు మొదటిదే కనిపించింది.

వ్యాసం తిరిగి వచ్చింది. ముగింపు దగ్గర ఒక్క గీతైనా లేదు. చివర అనుబంధంలో తల్లుల సంభాషణలు రాసిన పేజీ దగ్గర మాత్రం పెన్సిలుతో ఒక ప్రశ్న: 'ఈ తల్లులు రేడియోలో వార్తలు సదువుతారేటి?'

ఫోన్ చేస్తే, "నువ్వు ఏ ఊరోడివిరా నాయినా?" అన్నారు.

"కోటబొమ్మాళి దగ్గర మేడమ్."

"మీ యమ్మ ఎలగ మాటాడతాది?"

నేను తటపటాయించాను. "మనవాళ్లలాగే."

"మరి ఈ తల్లులేటి, 'దయచేసి మరొకసారి వివరించగలరా' అంతన్నారు? పొందూరులో అలగెవరంతారు? నువ్వు దిద్దీసినావు కదా?"

దిద్దాను. పరిశోధన వ్యాసంలో యాస బాగుండదని రికార్డింగుల్లో ఉన్న మాటల్ని శిష్టభాషలోకి మార్చి రాశాను. అది తప్పని నాకు తోచలేదు. గౌరవమనే అనుకున్నాను.

"ఆ రికార్డింగులు నాకు ఇనిపించు. ఇనీదాకా నీ యాసం అచ్చుకి ఎల్లదు," అని ఆమె ఫోన్ పెట్టేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజే సంకలనం ప్రధాన సంపాదకుడికి ఉత్తరం రాశాను. ఆయన మా విభాగంలో ప్రొఫెసరు. భాష సరిచూసే ఆవిడకు వయసు మీద పడిందనీ, సాంకేతిక విషయాలు తెలియవనీ, అకారణంగా ఆలస్యం చేస్తున్నారనీ రాశాను. ఆయన ఆ ఉత్తరాన్ని అలాగే ఆమెకు పంపించారు.

రెండు రోజుల తర్వాత మేడమ్ ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను. "నీ ఉత్తరం సదివినాను. రెండు అచ్చుతప్పులున్నాయి. దిద్ది పంపీమంతావా?" అన్నారు. గొంతులో కోపం లేదు. ఎగతాళీ లేదు. నిజంగానే అడుగుతున్నారు. "ఆదివారం రా. రికార్డింగులు పట్టుకొని రా. మా సెల్లి అట్లు పోస్తాది," అని పెట్టేశారు.

వెళ్లాను. అట్లు తిన్నాక వరండాలో కూర్చుని మొదటి రికార్డింగు పెట్టాను. అందులో ఒకామె పిల్లాడి సైన్సు పాఠం గురించి ఫోన్‌ను అడిగింది. ఫోన్ గబగబా ఏదో చెప్పింది. ఆమెకు అందలేదు. "ఏటి? ఏటి సెప్పినావు?" అంది. వెంటనే ఫోన్, ఏటి గురించి తెలుసుకుందాం అని మొదలుపెట్టి, నదులు ఎక్కడ పుడతాయో, ఏటి ఒడ్డున ఏ పంటలు పండుతాయో చక్కగా చెప్పుకుపోయింది. ఆ తల్లి మళ్లీ, "అది కాదమ్మా, ఏటి?" అంది. ఫోన్ మళ్లీ నది అందుకుంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వేశాను. మేడమ్ నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు. రికార్డింగు చివరలో ఆ తల్లి మెల్లగా, "నాకు రాదులెండి బాబూ," అని ఫోన్ కింద పెట్టిన చప్పుడు వినిపించేదాకా తల వంచుకుని విన్నారు. "మల్లీ ఎట్టు," అన్నారు. మళ్లీ పెట్టాను. ఈసారి నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు సాయంత్రం దాకా అన్నీ విన్నాం. కొన్నిచోట్ల 'సెప్పు' అంటే ఫోన్‌కు కాలి చెప్పు వినిపించింది. ఇంకొన్నిచోట్ల ఏమీ వినిపించక ఊరుకుంది. తల్లులు వేసినవి మంచి ప్రశ్నలు. యంత్రానికే వాళ్ల మాట రాదు. నేనేమో ఫోన్ జవాబులు వదిలేసి, వాళ్ల మాటను ముందే దిద్దేశాను కాబట్టి, కాగితం మీద తల్లులు శుభ్రంగా అడిగినట్టూ, జవాబు అందుకోవడం వాళ్లకే చేతకానట్టూ కనిపించింది. సాక్ష్యం నా చేతులతో నేనే చెరిపేశాను. ఆ తల్లుల్ని ఎన్నడూ చూడని మనిషి, వాళ్ల గొంతు వినని మనిషి, అచ్చుకాగితం మీద ఒక మాట మోగవలసినట్టు మోగలేదని కనిపెట్టారు. చెవి అంటే అది.

"ఇప్పుడేం చెయ్యమంటారు మేడమ్?" అన్నాను.

"నన్నడుగుతావేటి? ఎవల గురించి రాసినావో ఆలకి సదివి ఇనిపించు."

ఆ వారమే ఇద్దరం పొందూరు వెళ్లాం. మొదటి రికార్డింగులో 'ఏటి' అని అడిగిన తల్లి ఇంటి అరుగు మీద మరో ఐదారుగురు చేరారు. ఆమె వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతూనే ఉంది. నేను నా వ్యాసం చదవడం మొదలుపెట్టాను. 'సామర్థ్యం కొరవడింది' అన్న వాక్యం దగ్గరకు వచ్చేసరికి ఆగి మేడమ్ వైపు చూశాను. మేడమ్ సాయం రాలేదు. చదివాను.

ఆమె దువ్వడం ఆపి, "మాకు సేతకానేదని రాసినారా బాబూ?" అంది.

"అవునమ్మా. తప్పు రాశాను. మీ మాట ఫోన్‌కి అర్థం కాలేదు."

"మరి అప్పుడే సెప్పనేదేటి?"

"మీరెందుకు చెప్పలేదమ్మా?"

ఆమె చేతిలో పత్తి కింద పెట్టింది. "మీరు సదువుకున్నోలు. మీరిచ్చిన పోనూ సదువుకున్నాదే. తప్పు మాదే అనుకున్నాం."

మేడమ్ లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. "నాను ముప్పై యేళ్లు సదువు సెప్పినానమ్మా. నీలాగ అడిగిన పిల్లలు నాకు తక్కువ మంది దొరికినారు. ఇంకా ఏటేటి అడగాలనుకున్నావో సెప్పు, ఈ బాబు రాసుకుంతాడు," అన్నారు. ఆ రోజు నేను ఒక నోట్‌బుక్ నింపాను. ఒక్క అక్షరం దిద్దలేదు.

ప్రొఫెసరు గారికి మాత్రం ఇది నచ్చలేదు. పుస్తకం అచ్చుకు వెళ్లవలసిన సమయం. పాత ముగింపుతోనే పంపేద్దామన్నారు. మేడమ్ విజయనగరం వచ్చి ఆయన గదిలో నిలబడే మాట్లాడారు. "అబద్దమని తెలిసినాక కూడా అచ్చేస్తే, అది ఆలస్యం కన్నా పెద్ద తప్పు కదా సార్. ఈ ఒక్క యాసం ఆగాల. నేదంటే మిగతా కాయితాలు కూడా నాను ముట్టను," అన్నారు. గొంతు పెంచలేదు. చివరికి ఆయన సరేనన్నారు. పుస్తకం నాలుగు నెలలు ఆలస్యమైంది. నా ఉద్యోగం పర్మనెంటు కావడం ఇంకో ఏడాది వెనక్కి జరిగింది. ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ, "పోనీలే, అబద్దం ఆడనేదు కదా," అంది. ఆ మాట యథాతథంగా మేడమ్‌కు చెబితే ఎంతో సంతోషించారు.

కొత్త వ్యాసంలో తల్లుల మాటలు వాళ్లు పలికినట్టే ఉన్నాయి. యంత్రం ఎక్కడెక్కడ తప్పిందో ఉంది. ఒక జిల్లా మాట నేర్వని సాధనాన్ని ఆ జిల్లా బడుల్లో పెట్టి, రాలేదని అక్కడి మనుషుల్ని తప్పుపట్టకూడదని ముగింపు. ముందు పట్టణ బడులకే ఇవ్వాలన్న మాట తీసేశాను. దానివల్ల లోకమేమీ తలకిందులు కాలేదు. ఆ యాప్ చేసినవాళ్లు తల్లుల అనుమతితో రికార్డింగులు తీసుకున్నారు. ఇప్పుడు 'ఏటి' అంటే అది నది గురించి చెప్పడం లేదు. పొందూరులో కొందరు మళ్లీ వాడుతున్నారు. అంతే. ఆ అంతే నాకు చాలు.

ఆమెకు యంత్రాలంటే పడదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. చూపు మరీ తగ్గాక ఫోన్ చేతే వ్యాసాలు చదివించుకునేవారు. ఒకసారి మాత్రం ఒక వ్యాసం వింటూ మధ్యలో ఆపేసి, "ఇది ఎవలూ రాయనేదురా. ఇందులో ఎవలికీ సెమట పట్టనేదు," అన్నారు. రాసినతనికి ఫోన్ చేసి, "నువ్వు ఎల్లినానన్న బడి గుమ్మం ఏ దిక్కునున్నాది బాబూ?" అని అడిగారు. అతను ఆ బడికి వెళ్లనే లేదు, వ్యాసం యంత్రం చేత రాయించాడు. ఆమె తిట్టలేదు. "ఎల్లిరా. వచ్చినాక రెండు పేజీలు రాసినా సాలు," అన్నారు. అతను వెళ్లాడు. ఆ రెండు పేజీలే సంకలనంలో అందరికన్నా బాగున్నాయి.

పుస్తకం వచ్చినప్పుడు కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు రాసి పంపాను. కొట్టేసి పంపారు. పక్కన పెన్సిలుతో, 'తాపీ మేస్త్రి పేరెందుకు? గోడ నిలబడితే సాలు' అని ఉంది.

ఆమె నడవగలిగిన రోజుల్లో ఆఖరుసారి కలిసింది కోటబొమ్మాళి స్టేషన్లో. మా ఊరి బడిలో పిల్లలతో ఒక పూట గడిపి తిరిగి వెళ్తున్నారు. పాసింజరు రద్దీగా ఉంది. ఆడవాళ్ల పెట్టెలో వంకాయల గంపలతో కొందరు నేల మీదే కూర్చున్నారు. ఎవరో ఒకామె గంప ఇటు జరిపి, "రా అమ్మా, కూకో," అంది. ప్లాట్‌ఫారం మీంచి సీటు కోసం నేను వెతికేలోపే మేడమ్ చీర కుచ్చెళ్లు సర్దుకుని వాళ్ల మధ్య నేల మీద కూర్చున్నారు. రైలు కదిలింది. చెయ్యి ఊపాను. ఆమె చూడలేదు. గంపామె వైపు వంగి, చెవి దగ్గరగా పెట్టి, ఏదో వింటున్నారు.