మస్తాన్‌బీ గారి తపేలా

పసుపు, ఉప్పు వేసి ఉడికిస్తుంటే అడవి పంది మాంసం వాసన వంటిల్లు దాటి వీధిలోకి పోతుంది. ఈ ఉదయం ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతట అదే వెళ్ళి పక్కింటి వైపు కిటికీ మూసింది. ఆ ఇంట్లో మస్తాన్‌బీ గారు లేరని, ఆవిడ పోయి ఆరేళ్ళవుతోందని ఆ తర్వాత గుర్తొచ్చింది.

నందిగామలో కాపురం పెట్టిన కొత్తలో నాకు రెండు సత్తు గిన్నెలు, ఒక కుక్కరు తప్ప ఏమీ లేవు. ఏం కావాలన్నా పక్కింటి గుమ్మంలో నిలబడేదాన్ని. ఇంట్లోనే జాకెట్లు కుట్టుకునే మస్తాన్‌బీ గారు, నా సంసారం సగం తన సామానుతోనే నడుస్తోందని దెప్పుతూనే, లోపలికెళ్ళి తీసుకోమనేవారు. పెళ్ళికి వాళ్ళమ్మ ఇచ్చిన కళాయి పూసిన ఇత్తడి తపేలా కూడా, మా ఇంటికి చుట్టాలొస్తే అలాగే ఇచ్చారు. తిరిగివ్వటానికి నాకు బద్ధకం.

ఆ వారంలోనే, పెనుగంచిప్రోలు దగ్గర మొక్కజొన్న చేలో పడ్డ పందిని కొట్టారని మా ఆయన వాటా మాంసం తెచ్చారు. ఓ పట్టాన ఉడకదు, అడుగు మందంగా ఉన్న గిన్నె కావాలి. ముందూ వెనకా చూడకుండా ఎదురుగా ఉన్న తపేలాలో పడేశాను. అల్లం వెల్లుల్లి నూరుతుంటే గోడవతల కుట్టుమిషను చప్పుడు వినిపించింది. అది ఎవరి తపేలానో అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో పంది పేరే ఎత్తరు.

చింతపండుతో మూడుసార్లు తోమాను. తళతళలాడింది. ఎవరికి తెలుస్తుంది, ఇచ్చెయ్యమన్నారు మా ఆయన. పట్టుకుని వెళ్ళాను. ఆవిడ తపేలా చూసి, రేపు మనవరాలొస్తోంది, ఇందులోనే పాయసం కాస్తానని మురిసిపోయారు. ఇక నావల్ల కాలేదు. ఏడుస్తూ అంతా చెప్పేశాను. మిషను ఆగింది. తపేలా వైపు చూశారు, తాకలేదు.

"అది నువ్వే ఉంచుకో, అమ్మాయ్," అన్నారు.

కొత్తది కొనిస్తానంటే వద్దన్నారు. ఆ గుమ్మం ఇక మూసుకుపోయినట్టేనని రెండు రోజులు అటు తొంగి చూడలేదు. మూడో రోజు ఆవిడే గిన్నెతో పాయసం తెచ్చి నా చేతిలో పెట్టారు.

"అలగాల్సింది నేనైతే నువ్వు అలిగావేంటే? తోమి ఇచ్చేస్తే నాకు తెలిసేదా? తిని, గిన్నె తెచ్చివ్వు. నీకిస్తే నాకు భయం లేదు."

ఆ తపేలా ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మాంసం మళ్ళీ అందులో వండలేదు. తప్పు చేసిన ప్రతిసారీ నాకు ముందు తోమెయ్యాలనే అనిపిస్తుంది. తోమకుండానే వెళ్ళి చెప్తున్నా.