ఎప్పటికైనా తప్పుకుంటారు

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో బోరు మోటార్లకు వైండింగు చేసే దస్తగిరికి ఒక్కతే కూతురు. పేరు మాబున్నీ. చిన్నప్పటి నుంచి ఆమెకు లెక్కలంటే ప్రాణం. అయితే జవాబు రాబట్టడం కన్నా, ఆ జవాబు తప్ప ఇంకోటి రాదని తేల్చడమంటేనే ఎక్కువ ఇష్టం. లెక్కల సారు జవాబు రాసి చాక్‌పీసు కింద పెట్టగానే "వేరే జవాబు లేదని ఎట్ల తెలుస్తాది సార్?" అని లేచి నిలబడేది. సారు విసుక్కునేవాడు. ఆమె కూర్చునేది కాదు.

కర్నూలులో ఇంజనీరింగు చదివి, పై చదువుకు హైదరాబాదు పోయింది. డ్రైవరు లేని బండ్లు, రోబోలు, ఇట్లా తమంతట తాము నడిచే యంత్రాలు ప్రమాదం చేయవని ముందుగానే గణితంతో రుజువు చేసే విద్య ఒకటుందని అక్కడ తెలిసింది. చిన్నప్పుడు తాను అడిగిన ప్రశ్నకే ఒక శాస్త్రం ఉందని ఆమెకు అప్పుడు అర్థమైంది. డాక్టరేటు దాంట్లోనే చేసింది.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు తండ్రికి చెప్పబోయింది. దస్తగిరి అప్పుడే వైండింగు ముగించిన మోటారును కరెంటుకు తగిలించి తిప్పి చూస్తున్నాడు.

"నువ్వు తిప్పి చూస్తాండావు కదా నాయనా. ఈసారి తిరిగింది సరే, మళ్లా తిరుగుతాదని ఎట్ల చెప్తావు?"

"యాడ చెప్తాను? కాలిపోతే మళ్లా చుట్టిస్తా."

"మోటారైతే మళ్లా చుట్టిస్తావు. మనుషుల మధ్య తిరిగే యంత్రమైతే? ఎవరికో తగిలినాక సరిచేస్తే ఏం లాభం? అందుకే మేము, అది ఏయే స్థితుల్లో పడొచ్చో అన్నీ ముందే లెక్కలోకి తీసుకుంటాం. యాడ పోయినా, ఏం చేసినా చెడు జరగదని తేలితేనే వదుల్తాం."

"అంత కచ్చితంగా తెలిసిపోతాదా?"

"మేము మొదట అనుకున్నవి నిజమైతే, కచ్చితంగా."

దస్తగిరికి సగమే అర్థమైంది. కానీ ఆ సాయంత్రం టీ అంగట్లో "మా పాప యంత్రాలకు జామీను ఇస్తాది" అని అందరికీ చెప్పుకున్నాడు.

కర్నూలు శివార్లలోని ఒక ఇంజనీరింగు కాలేజీలో మాబున్నీకి ఉద్యోగం దొరికింది. పిల్లలకు పాఠాలు చెప్పేది, పరిశోధనా పత్రాలు రాసేది. ఆ పత్రాలు చదివేవాళ్లు దేశదేశాల్లో కలిపినా ఒక బస్సుకు సరిపోరు. తన రుజువుల మీద నిజంగా నడిచే యంత్రం ఒక్కటైనా చూడాలని ఆమెకు కోరికగా ఉండేది. నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు.

అలాంటి రోజుల్లో కడప నుంచి ఉమామహేశ్ అనే అతను వచ్చాడు. ఆసుపత్రుల్లో మందులు, రక్తం సీసాలు, పరీక్షల నమూనాలు మోసే బండి తయారు చేశాడు. తోసేవాళ్లు అక్కర్లేదు. కళ్లలాంటి పరికరాలతో దారి చూసుకుంటూ అదే పోతుంది. కర్నూలులో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి దాన్ని పెట్టుకోవడానికి ముందుకొచ్చింది.

"రేపు యాడన్నా ముసలామెకు తగిలిందనుకో మేడం, నా బతుకు ఏం గావాల? ఎవురికీ తగలదని మీరు రుజువు చేసియ్యండి. నాకింకేం వద్దు."

మాబున్నీ ఆ వేసవి సెలవులు మొత్తం ఆ పనిలో మునిగిపోయింది. బండి ప్రతి కదలికనూ గణితంలోకి దించింది. మనిషి ఎటు నుంచి వచ్చినా, పరుగెత్తినా, పడిపోయినా బండి తగిలేలోపే ఆగుతుందని తేల్చింది. ఎక్కడా వంక లేని రుజువు అది. రుజువులను సరిచూసే కంప్యూటరు దాన్ని ఒప్పుకున్న పూట ఆమె ఇంటికి ఫోను చేసి తండ్రితో ఊరికే మాట్లాడింది.

రెండో రుజువు ఒకటి మిగిలింది. బండి ఎవరికీ తగలకపోతే చాలదు, మోసుకుపోయేదాన్ని చేర్చాలి కూడా. "బయల్దేరిన బండి ఎప్పటికైనా గమ్యం చేరుతుంది" అని రాసి కంప్యూటరుకు ఇచ్చింది. అది ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోదో ఒక ఉదాహరణను బొమ్మగా కూడా చూపించింది: దారికి అడ్డంగా ఒక మనిషి. బండి ఆగింది. మనిషి కదల్లేదు. బండీ కదల్లేదు. అంతే, కథ అక్కడే నిలిచిపోయింది.

ఉమామహేశ్ ఆ బొమ్మ చూసి నవ్వాడు. "దారికి అడ్డంగా కలకాలం ఎవురు నిలబడ్తారు మేడం?"

మాబున్నీకీ నవ్వొచ్చింది. అలాంటి వింత ఉదాహరణలు ఆమె చాలా చూసింది. వాటిని పక్కన పెట్టే పద్ధతి కూడా ఈ విద్యలో ఉంది. "అడ్డం వచ్చినవారు ఎప్పటికైనా తప్పుకుంటారు" అని, అంటే దారి ఎప్పటికో ఒకప్పుడు ఖాళీ అవుతుందని, ఒక్క షరతు చేర్చింది. కంప్యూటరు వెంటనే ఒప్పుకుంది.

ఆసుపత్రి చూడడానికి ఒకసారి పోయింది. అది ఆదివారం పొద్దున. అప్పుడే తుడిచిన వరండా తళతళలాడుతూ ఖాళీగా ఉంది. ఆ చివర బ్లడ్ బ్యాంకు, ఈ చివర ఆపరేషన్ థియేటరు. బండి మెత్తగా పోయి వచ్చింది. ఆమె ఎదురుగా నిలబడితే ఆగింది. పక్కకు జరిగితే కదిలింది. ఆమె సంతోషంగా తిరిగొచ్చింది.

కొన్ని నెలలు అంతా బాగానే నడిచింది. సీసాల కోసం నర్సులు అటూ ఇటూ పరుగెత్తే అవసరం తప్పిందని ఆసుపత్రివాళ్లు చెప్పుకున్నారు. ఇక ఎవరూ స్వయంగా బ్లడ్ బ్యాంకుకు పోనక్కర్లేదు, ఫోను చేస్తే బండి తెస్తుంది అని నియమం పెట్టారు.

వానలు పడి జ్వరాలు మొదలయ్యాయి. మంచాలు చాలక వరండాల్లోనే చాపలు పడ్డాయి. ఆలూరు దగ్గరి పల్లె నుంచి సిద్దమ్మ అనే ఆమె కాన్పుకు వచ్చింది. మధ్యాహ్నం బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. తర్వాత రక్తం ఆగలేదు. థియేటరు నర్సు కృపమణి బ్లడ్ బ్యాంకుకు ఫోను చేసింది. బండి బయల్దేరిందన్నారు.

అది రోగులను చూడడానికి వచ్చే వేళ. వరండా పొడుగునా రోగుల బంధువులు కూర్చుని ఉన్నారు. టిఫిను క్యారియర్లు, నీళ్ల బిందెలు, నిద్రపోయే ముసలివాళ్లు. బండి ఆగి "దయచేసి దారి ఇవ్వండి" అంది. ముందున్నవాళ్లు కాస్త కాళ్లు ముడుచుకున్నారు. అది కదలబోయేసరికి వెనకవాళ్లు జరిగి ఆ సందు నిండిపోయింది. మళ్లీ ఆగింది. మళ్లీ "దయచేసి" అంది. అందరూ తప్పుకుంటూనే ఉన్నారు. కానీ ఎవరో ఒకరు ఎప్పుడూ అడ్డంగానే ఉన్నారు. బండి ఎవరికీ తగల్లేదు.

కృపమణి మళ్లీ ఫోను చేసింది. వస్తోందన్నారు. తలుపు దగ్గర నిలబడి చూసింది. చివరికి తట్టుకోలేక మనుషుల మీద నుంచి దాటుకుంటూ పరుగెత్తింది. బండి మూత తాళం వేసి ఉంది. గమ్యం చేరితేనే తెరుచుకుంటుంది. బ్లడ్ బ్యాంకు నుంచి మనిషిని పిలిపించి, తెరిపించి, సీసాలు ఒళ్లో పెట్టుకుని వెనక్కి ఉరికింది.

సిద్దమ్మ దక్కలేదు. ముందే రక్తం ఎక్కించి ఉంటే బతికేదా అంటే డాక్టర్లు కచ్చితంగా చెప్పలేమన్నారు. పల్లె జనం గేటు ముందు కూర్చున్నారు. ఆసుపత్రి విచారణ వేసింది.

విచారణ గదిలో పొడుగాటి బల్ల. ఒక చివర కృపమణి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రాజంపేట మనిషి, నలభై దాటిన వయసు. మాబున్నీ ఆమెను చూడడం అదే మొదలు. మాబున్నీ పక్కన ఉమామహేశ్ కూర్చున్నాడు. విచారణకు పెద్దగా ఉన్న డాక్టరు రుజువు పత్రాలు తిరగేసి అడిగాడు.

"మేడం, ఒక్కటే చెప్పండి. ఆ రోజు బండి మీ రుజువుకు విరుద్ధంగా ఏమైనా చేసిందా?"

"లేదు సార్."

"రుజువు చేసినట్టే నడిచిందంటారు."

"అవును."

"థ్యాంక్యూ."

ఆమె చెప్పింది నిజమే. చెప్పాల్సిన మాట ఇంకొకటి నాలుక చివర ఉంది. బండి తప్పు చేయలేదు కానీ, ఎప్పటికైనా చేరుతుందని మాత్రమే నేను రుజువు చేశాను, ఆ 'ఎప్పటికైనా'కు గడువు లేదు, రక్తం పోయే మనిషికి గడువు ఉంటుంది. అడిగితే చెబుదామనుకుంది. ఎవరూ అడగలేదు. జీవితంలో మొదటిసారి తన పని లోకంలో కాళ్లూని నిలబడింది. దాని మీద మచ్చ పడే మాట తన నోటి నుంచే రావాలా అన్న బెరుకు కూడా లోపల ఉంది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలుసు.

బండిలో లోపం లేదని తేలింది కాబట్టి, ఆగిన బండిని సకాలంలో గమనించని నర్సుదే నిర్లక్ష్యమని రాశారు. కృపమణిని పనిలోంచి తీసేశారు.

ఆ తర్వాత మాబున్నీకి వరండాలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఆమె ఇంటర్ చదివేటప్పుడు తల్లి కర్నూలు పెద్దాసుపత్రిలో ఉండేది. తండ్రీ కూతుళ్లు వార్డు బయట దుప్పటి పరుచుకుని అక్కడే తిని, అక్కడే పడుకునేవాళ్లు. ట్రాలీ వచ్చినప్పుడల్లా కాళ్లు ముడుచుకోవడం, పోగానే చాపుకోవడం. తల్లి పోయేదాకా ఆ వరండానే వాళ్ల ఇల్లు. ఆసుపత్రి వరండా ఎట్లా ఉంటుందో ఎవరూ తనకు చెప్పాల్సిన పని లేదు. అయినా కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు ఆ వరండా ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. అదే ఆమెను ఎక్కువగా తినేసింది.

ఆలస్యంగానైనా ఆసుపత్రికి రాసింది. తన రుజువు ఆ వరండాకు వర్తించదని, తాను పెట్టుకున్న షరతే అక్కడ చెల్లదని, తప్పు నర్సుది కాదని వివరంగా రాసింది. విచారణ ముగిసిపోయిందని జవాబు వచ్చింది. దాంతో కృపమణిని కలవడానికి రాజంపేట బస్సెక్కింది.

కృపమణి ఒక చిన్న క్లినిక్కులో సూదులు వేస్తోంది. మాబున్నీని చూడగానే గుర్తుపట్టి కుర్చీ లాగింది.

"ఇంత దూరం వచ్చినారే మేడం."

మాబున్నీ రాసిన సంగతి, వచ్చిన జవాబు చెప్పింది. "ఆ రోజు గదిలోనే చెప్పాల్సింది అక్కా. నోరు రాలేదు."

కృపమణి దూది తీసుకుని ఉండలు చేయసాగింది.

"మీరు చెప్పింటే నన్ను ఉంచుకునేటోళ్లో లేదో నాకు తెలీదు. పెద్దోళ్లు ముందే అనుకొనే వచ్చింటారు. కానీ ఆ గదిలో నా దిక్కు ఒక్క మాట పడింటే, ఇంటికి పోయి మా పిల్లోళ్ల ముందర తల ఎత్తుకొనింటా."

చేసిన ఉండలను ఆమె సీసాలో వేసింది.

"నాదీ తప్పుండాది మేడం," అంది కృపమణి. "ఫోను పట్టుకొని తలుపు కాడ నిల్చున్యా కదా. వస్తాది వస్తాది అని. ఇంతకుముందైతే అడగకుండానే ఉరికేదాన్ని. ఆ బిడ్డ తల్లి మొగం శానా దినాలు కండ్లల్లోనే ఉన్నింది."

"అది మీ తప్పు కాదక్కా."

"మీరు ఇప్పుడు చెప్తాండారు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటేనే బాగుండేదని మాబున్నీకి అనిపించింది. ఆసుపత్రివాళ్లను మళ్లీ అడుగుతానంటే కృపమణి వద్దంది. పిలిచినా ఆ వరండాలో మళ్లీ నడవలేనంది. ఇంతలో జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని ఎవరో వచ్చారు. "ఉండండి, టీ తెప్పిస్తా" అంటూ ఆమె లోపలికి పోయింది. మాబున్నీ టీ తాగి, చెప్పి బయల్దేరింది.

ఉమామహేశ్ మంచివాడే. బండిని మార్చడానికి ఒప్పుకున్నాడు. ఇప్పుడది ఎక్కడైనా కాసేపు నిలిచిపోతే నర్సుల గదిలో గంట మోగుతుంది. ఏ నర్సు వచ్చినా మూత తెరుచుకుంటుంది. ఎంతసేపట్లో సరుకు మనిషి చేతికి అందాలో గడువు పెట్టి మాబున్నీ మళ్లీ రుజువు చేసింది. ఈసారి రాయడానికి ముందు చూడవచ్చే వేళల్లో పోయి, ఆ వరండాలోనే గోడకు ఆనుకుని కూర్చునేది. పక్కనున్నవాళ్లు ఆమెను కూడా ఏ రోగి తాలూకు మనిషో అనుకుని "మీవోళ్లకు ఎట్లుండాదమ్మా?" అని పలకరించేవాళ్లు. ఆమె ఏదో ఒకటి చెప్పేది.

ఆ మార్పులు తర్వాత వేరే ఊళ్ల ఆసుపత్రుల బండ్లకూ వచ్చాయి. మాబున్నీ చేసిన పనిని మెచ్చుకుంటూ కాలేజీలో సభ పెట్టారు. శాలువా కప్పారు. ఆసుపత్రి దస్త్రాల్లో కృపమణి పేరు పక్కన 'నిర్లక్ష్యం' అన్న మాట మాత్రం అట్లానే ఉంది. దాన్ని తీసేయమని మాబున్నీ ఇప్పటికీ రాస్తూనే ఉంది.