షుక్రూ పెట్టిన చుక్కలు

జర్మనీలోని డ్యూస్‌బర్గ్ ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన షుక్రూ ఏటా జూన్‌లో వంటింటి బల్లపై యూరప్ పటం పరుస్తాడు. ముందు మడతలను అరచేతితో అదుముతాడు. తరువాత పెన్సిలు చెక్కుతాడు. ఆ పేటలోని తుర్కీ మగవాళ్లు సెలవులకు సొంతూరు కైసేరి దాకా ఎక్కడా ఆగకుండా కారు నడిపామని గొప్పలు చెప్పుకుంటారు. షుక్రూ కూడా పెట్రోలుకు తప్ప ఆగేవాడు కాదు. ఈ ఏడు మాత్రం వియన్నా తోటలకు, బుడాపెస్ట్ వేడినీటి స్నానాలకు, సెర్బియాలోని పీరోట్ తివాచీలకు చుక్కలు పెట్టాడు. పెడుతున్నప్పుడు అతని ముఖంలో సంతోషం గాని విచారం గాని లేదు.

"ఏం షుక్రన్నా, ఈ వయసులో హనీమూనా? వదిన పంట పండింది!" అన్నాడు టీ కొట్లో రెజెప్. షుక్రూ గ్లాసులో చెంచా తిప్పుతూ "ఆఁ" అన్నాడు. చలికాలం నుంచి చీకటి పడితే అతనికి రోడ్డు కనబడటం లేదు. అది తెలిస్తే కారు తాళాలు అల్లుడి చేతికి వెళ్తాయి. అందుకే ప్రతి మజిలీ పొద్దుండగానే ముగిసేలా అమర్చాడు.

ఆ సాయంత్రం భార్య నాజిరె పటంమీదికి వంగింది. "ఇన్నేళ్లూ వియన్నా అంటే నాకు పెట్రోలు బంకే," అని నవ్వి, పెన్సిలు అందుకుంది. పీరోట్ చుక్క చెరిపి, దారిలో దానికి ముందు వచ్చే నీష్ ఊరి దగ్గర పెట్టింది.

"తివాచీలు పీరోట్‌లో కదా?" అన్నాడు షుక్రూ.

"ఇంట్లో ఉన్నవి చాల్లెండి. నీష్ దాటితే అంతా లోయ. అక్కడ పొద్దు గుంకకముందే చీకటి పడుతుంది."

అతడు కాసేపు ఆ చుక్కనే చూశాడు. పటాన్ని పాత మడతల వెంటే మడుస్తూ, "సరే, నీష్‌లోనే పడుకుందాం," అన్నాడు.