పిడికిలి విప్పిన పోస్టరు

ఒక బొమ్మ అబద్ధమాడకుండా మిమ్మల్ని కుర్చీలోంచి లేపగలదా? కాలేజీ చర్చావేదికల మీద మూడేళ్లపాటు నేను లేపలేదనే వాదించాను. గెలిచాను కూడా.

మొన్న చలికాలంలో దేశ రాజధానిలోని మండీ హౌస్ దగ్గర ఒక ప్రదర్శనకు వెళ్లాను. వందేళ్ల కిందట కార్మికులు రాజ్యాన్ని కూలదోసిన ఒక దేశంలో, ఆ విప్లవం నడుస్తుండగానే వేసిన పోస్టర్లవి. అమ్మడానికి సరుకు లేని దుకాణాల అద్దాల వెనుక వాటిని అంటించేవారట. అట్టను కత్తిరించి, ఆ సందుల్లోంచి రంగు అద్ది, ఒక్కొక్కటీ చేత్తోనే తయారుచేసేవారట. చదువురాని మనిషి కూడా దారిన పోతూ గ్రహించాలి కదా. ఒకదాని ముందు నా కాళ్లు ఆగిపోయాయి. మనిషంత ఎత్తున ఎర్రటి పిడికిలి. దాని ముందు నేను నేర్చిన వాదాలన్నీ చిన్నబోయాయి. పక్క పోస్టరులో ధాన్యపు బస్తాల నడుమ నవ్వుతున్న రైతు. అది కరువు నాటి బొమ్మ అని కింది చీటీలో ఉంది. అబద్ధమని తెలిసి కూడా కళ్లు తిప్పుకోలేకపోయాను.

ఆ పిడికిలిని మనసులో పెట్టుకునే, ఆ నగరం అంచున మేముండే వైశాలికి తిరిగొచ్చాను. కోస్తా నుంచి వచ్చిన మా అమ్మ ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఆ వారమే ఆమెతో పనిచేసే నర్సును, వార్డంతా దీదీ అని పిలిచే మనిషిని, ఉద్యోగం నుంచి తీసేశారు. సెలైన్ సీసా మార్చడం ఎందుకు ఆలస్యమైందని రోగి బంధువులు అడిగితే, ముప్పై రెండు మంచాలకు తామిద్దరమే ఉన్నామని ఆమె చెప్పింది. అదీ ఆమె చేసిన నేరం. ఆమెను తిరిగి తీసుకోవాలని నర్సులు గేటు ముందు నిలబడదలిచారు. పోస్టరు పని నాకప్పగించారు.

భోజనాల బల్ల మీద చార్టు పరిచి పిడికిలి గీశాను. కింద హిందీలో, అరవై మంచాలకు ఒక్క నర్సు అని రాశాను. దీదీ చూసి, ఈ చెయ్యి నర్సుది కాదు, జిమ్‌కు వెళ్లే ఏ భయ్యాదో అని నవ్వింది. అమ్మ నవ్వలేదు. డ్యూటీ మారేటప్పుడు వెళ్లే నర్సు, వచ్చే నర్సును ప్రతి మంచం దగ్గరికీ తీసుకెళ్లి, చార్టులో రాసిందీ ఎదుట ఉన్నదీ ఒకటేనని చూపించాలి. తేడా ఉంటే వచ్చిన మనిషి సంతకం చెయ్యదు. అమ్మ నా పోస్టరును అలాగే అప్పగింత తీసుకుంది. ఒక్కో మాట మీదా వేలు పెడుతూ వచ్చి ఒకచోట ఆగింది.

"అరవై మంచాలెక్కడున్నాయే?"

పోస్టరన్నాక కాస్త పెంచి చెప్పాలని, ఎవరూ లెక్కపెట్టరని నేను వాదించాను.

"ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకేగా ఈ పిల్లని తీసేసింది. నువ్వు అరవై రాస్తే, ఇది చెప్పిన ముప్పై రెండు కూడా అబద్ధమే అంటారు."

నేను అరవైని కొట్టేశాను. అమ్మ వేలు బొమ్మ మీదికి జరిగింది.

"అయినా పిడికిలి బిగిస్తే నాడి ఎలా చూస్తామే?"

అమ్మ దీదీ చెయ్యి అందుకుని, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి చూపించింది. నాలుగు చార్టులు అతికించి నేను ఆ చేతినే గీశాను, మనిషంత ఎత్తున. కింద మూడే ముక్కలు: ముప్పై రెండు మంచాలు. ఇద్దరు నర్సులు. లోపలికెళ్లి లెక్కపెట్టుకోండి.

మర్నాడు పొద్దున టిఫిన్ డబ్బాలతో వస్తున్న రోగుల బంధువులు గేటు దగ్గర ఆగారు. ఒక ముసలావిడ బొమ్మను చాలాసేపు చూసి, తెలియకుండానే తన మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టుకుంది. ఒక పెద్దాయన పైకెళ్లి వచ్చాడు. "బత్తీస్ హీ హై" అని, ముప్పై రెండే ఉన్నాయని చెప్పి, డబ్బా కింద పెట్టి మా వరుసలో నిలబడ్డాడు. ప్రదర్శనలో కలిగిన గగుర్పాటే మళ్లీ నా ఒళ్లంతా పాకింది. ఈసారి అందులో అబద్ధం లేదు.

దీదీని ఇంకా పనిలోకి తీసుకోలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీవాళ్లను చూడటానికి ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆ వార్డులో మంచాలెన్నో, నర్సులెందరో లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసి, మీ సంతకం పెట్టి, అక్కడి అధికారి చేతికివ్వండి. ఆ మాట మరో నర్సు చెప్పాల్సిన అవసరం రానివ్వకండి.