అవతలి మనిషి ఆలోచిస్తున్నాడు

“ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామటయ్యా?”

“ఇల్లు తగలబెట్టమనట్లేదండీ, ఊడవమంటున్నాను. బ్రౌజర్లో పేరుకుపోయిందంతా చెరిపేస్తే ఏం పోతుంది? చెత్త పోతుంది.”

“చెత్త కాదు. మనిషి పోతాడు.”

వెనకగదిలో ఒక ప్రింటరు పొట్ట విప్పుకుని కూర్చున్న నాకు ఆ చివరి మాట వినపడగానే చెయ్యి ఆగింది. మా మేనమామది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం, అక్కడ గొడవలు కొత్త కాదు. ఫొటోలు పోయాయని పోట్లాడతారు, పాస్‌వర్డు నువ్వే మార్చావని పోట్లాడతారు. మనిషి పోతాడని మాత్రం ఎవరూ పోట్లాడగా వినలేదు. ముందుకొచ్చి చూస్తే క్యాబినాయన. పాత లాప్‌టాప్‌ని రెండు చేతులా గుండెకి అదుముకుని నిలబడి ఉన్నాడు. పిల్లకి సూది పొడిపించడం ఇష్టం లేని తల్లి అలా నిలబడుతుంది.

మామయ్య విసిగిపోయి ఆయనకి నన్ను చూపించాడు. వీడు ఎలాగూ కాలుకాలిన పిల్లి, దుకాణంలో నిలవడు, వీణ్ణి తీసుకెళ్లి మీ ఇంట్లోనే చూపించుకోండి అన్నాడు. కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చిన దగ్గర్నుంచీ బయట తిరిగే పనులన్నీ నా నెత్తినే పడతాయి. నాకూ అదే కావాలి. ఒక్కచోట కూర్చుంటే నాకు ఒళ్లంతా చీమలు పాకుతాయి.

క్యాబినాయనకి ఒక పేరుండే ఉంటుంది. మా వీధిలో ఎవరూ అడగలేదు. రైల్వేలో సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. పెళ్లిచూపులకి వెళ్లి అమ్మాయి మాట్లాడేదాకా తనూ మాట్లాడకుండా కూర్చున్నాడట, ఆ అమ్మాయీ అంతే మొండిదట, ఆ సంబంధం అక్కడే నిద్రపోయిందట. ఇది పాలవాడు అందరికీ చెప్పే జోకు. నిజమో కాదో గానీ, ఆయన్ని చూస్తే నమ్మబుద్ధవుతుంది. పలకరిస్తే తల ఊపుతాడు, పలకరించకపోతే అదీ లేదు.

అలాంటివాడు ఆ రోజు దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. చెల్లెలి కూతురు కొత్త లాప్‌టాప్ కొనుక్కుని పాతది ఈయనకిచ్చిందట. ఏదో వెబ్‌సైటులో చదరంగం ఆడుకోవడం చూపించి వెళ్లిందట. నింపాదిగా ఆడే ఆట, ఇచ్చిన రోజుల గడువులోగా ఎవరికి వీలైనప్పుడు వాళ్లు ఒక ఎత్తు వేస్తారు. పేరు, ఈమెయిలు ఏవీ ఇవ్వక్కర్లేదు, అతిథిగా ఆడొచ్చు. వెబ్‌సైటు ఆయనకొక నంబరు ఇచ్చింది, అవతలి మనిషికీ ఒక నంబరు ఇచ్చింది. ఆడా మగా, ఏ దేశం, ఏ వయసు, ఏమీ తెలియదు. ఒక ఆట అవగానే వాళ్లే ఇంకో ఆటకి పిలుస్తారు, ఈయన సరేనంటాడు. అలా చలికాలం పోయి ఎండాకాలం వచ్చింది.

“నా నంబరు ఈ బ్రౌజర్లోనే ఉంటుందట, ఇంకెక్కడా ఉండదట. చెరిపితే నేను కొత్త అతిథినైపోతాను. వాళ్లు నన్నెలా వెతుక్కుంటారు?”

అది నిజం. మామయ్య వైద్యం కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన బాపతే అయ్యేది.

మేడ మీద ఒంటిగది. లోపలికి అడుగుపెట్టగానే నాకు ఏదో తేడాగా అనిపించింది, కాసేపటికి అర్థమైంది. గదిలో అన్నీ ఒక్కొక్కటే. ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు, తలుపు వెనక ఒక కొక్కెం, దానికొక చొక్కా. వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చోవాలన్న ఆలోచన ఆ గదికి ఎన్నడూ వచ్చినట్టు లేదు. కుర్చీ నాకిచ్చి తను మంచం పట్టె మీద కూర్చున్నాడు.

లాప్‌టాప్ తెరిచాను. వెబ్‌సైటు పైభాగం వచ్చింది, పక్కనున్న పట్టీలు వచ్చాయి. చదరంగం బల్ల ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి ఖాళీ, మధ్యలో ఒక సున్నా గుండ్రంగా తిరుగుతోంది. ఎప్పట్నుంచి ఇలా ఉందని అడిగాను. చాలా రోజులైంది, ఇంత ఆలస్యం ఎప్పుడూ లేదన్నాడు. మరి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదంటే, ఆయన నావైపు వింతగా చూశాడు.

“అవతలి మనిషి ఆలోచిస్తున్నాడు కదా అని.”

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. “అది ఆలోచించడం కాదండీ. పేజీ లోడవడం లేదు. అవతల ఎవరూ లేకపోయినా అది అలాగే తిరుగుతుంది.”

ఆయన నవ్వలేదు. ఒకసారి రిఫ్రెష్ అయినా కొట్టి చూడలేదా అన్నాను. కొట్టకూడదన్నాడు. ఎందుకు కొట్టకూడదో చెప్పడానికి తన ఉద్యోగమంతా చెప్పాల్సి వచ్చింది.

క్యాబిన్‌లో ఒక్కడే ఉండేవాడట. చుట్టూ అద్దాలు, వరసగా పట్టాలు మార్చే లివర్లు, ఒక గంట. రైలుని పంపాలంటే ముందు పక్క క్యాబిన్‌కి గంట కొట్టి అడగాలి. అక్కడివాడు తిరిగి గంట కొడితేనే రైలు కదలాలి. జవాబు రాలేదంటే అవతలివాడు ఏదో పనిలో ఉన్నాడని అర్థం. తొందరపడి ఊరికే కొడుతూ ఉంటే అది తొందరవదు, తప్పవుతుంది. ఏ గంటకి ఏ అర్థమో గల్లంతైతే రెండు రైళ్లు ఒకే పట్టా మీదికి వస్తాయి. కాబట్టి అడిగి ఊరుకోవాలి. ఆగడం కూడా ఉద్యోగంలో భాగమే.

పక్క క్యాబిన్‌వాడి ముఖం ఈయన ఎన్నడూ చూడలేదు. కానీ గంట కొట్టే తీరుని బట్టి వాడికి జలుబు చేసిందో, ఇంట్లో గొడవపడి వచ్చాడో చెప్పేవాడట. వాడు సెలవు పెట్టి వేరేవాడు వచ్చిన రోజు అన్నం సయించేది కాదట. కొత్త యంత్రాలు వచ్చి క్యాబిన్లు మూసేసిన రోజున, రైలు లేకపోయినా ఈయన ఒక గంట కొట్టాడు. అవతల్నుంచి ఒక గంట వచ్చింది. అంతే.

వెళ్లి కలవలేదా అని అడిగాను. ఒక్క స్టేషనే కదా.

“కలిసి ఏం మాట్లాడతాం?” అన్నాడు.

నేను పనిలో పడ్డాను. ముందు ఫోన్లో ఆ వెబ్‌సైటు తెరిచాను, బల్ల చక్కగా వచ్చింది. అంటే వెబ్‌సైటు బతికే ఉంది. ఆయన వైఫైకి కలిపి మళ్లీ తెరిచాను, అప్పుడూ వచ్చింది. కనెక్షనూ బాగానే ఉంది. ఇక లాప్‌టాప్‌లోనే ప్రైవేటు విండో తెరిచాను. అందులోనూ బల్ల వచ్చింది, కాకపోతే నన్ను కొత్త అతిథి అంది. అది చూడగానే ఆయన మంచం మీద నుంచి లేచి వచ్చి నా భుజం పట్టుకున్నాడు. మీ నంబరు ఎక్కడికీ పోలేదు, ఇది పక్కగదిలాంటిది, మీ గది ముట్టుకోలేదు అని చెప్పాక గానీ వదల్లేదు.

పక్కగదిలో పనిచేసేది సొంతగదిలో పనిచేయడం లేదంటే, సొంతగదిలో ఎవరో అడ్డం నిలబడ్డారన్నమాట. వెతికితే దొరికింది. ప్రకటనలు రాకుండా ఆపే చిన్న కాపలాదారుణ్ణి చెల్లెలి కూతురు ఎప్పుడో అందులో పెట్టి ఉంచింది. వాడు ఈ మధ్య తనంతట తనే కొత్త వెర్షనుకి మారి, ప్రకటనలతో పాటు చదరంగం బల్లని కూడా దొంగ అనుకుని గుమ్మంలోనే ఆపేస్తున్నాడు. ఈ ఒక్క వెబ్‌సైటు దగ్గర నోరు మూసుకోమని వాడికి చెప్పి, పేజీ మళ్లీ తెరిచాను.

బల్ల వచ్చింది. ఆయన నంబరు ఉంది. ఆట ఉంది.

ఆయన తెర మీదికి వంగాడు. నేనూ చూశాను. అవతలివాళ్లు తమ ఎత్తు వేసి చాలా రోజులైంది. ఇన్నాళ్లూ వంతు ఈయనదే. గడువు దాదాపు అయిపోవచ్చింది, ఇంకో పూట ఆలస్యమైతే ఆట దానంతటదే మూతపడేది.

పక్కన చిన్న గడిలో కబుర్లుంటాయి. అతిథులకి రాసుకునే హక్కు లేదు, తయారుగా ఉన్న మాటల్లో ఒకటి నొక్కుకోవాలి. హలో, మంచి ఎత్తు, ధన్యవాదాలు, ఇలాంటివే. అవతలివాళ్లు హలో నొక్కారు. మర్నాడు మళ్లీ హలో. ఆ తర్వాత ఒక రోజు వదిలేసి ఇంకో హలో. అక్కణ్ణుంచి ఏమీ లేదు.

ఆయన ఆ హలోలని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

“వాళ్లు గంట కొడుతూనే ఉన్నారు,” అన్నాడు. “నేను ఇక్కడే కూర్చుని ఉన్నాను.”

ఏదో ఒకటి అనాలి కాబట్టి, పోనీ సారీ చెప్పండి అన్నాను. ఆ మాటల్లో సారీ లేదు. నాలుగుసార్లు కిందికీ మీదికీ జరిపి చూశాను, నిజంగానే లేదు. చివరికి ఆయన ‘ధన్యవాదాలు’ నొక్కి, అది సరిపోదన్నట్టు ‘హలో’ కూడా నొక్కాడు. తర్వాత గుర్రాన్ని జరిపాడు. గడువు తరుముతున్నా తొందరపడలేదు. జాగ్రత్తగా, ఆలోచించే జరిపాడు.

ఎత్తు వెళ్లింది. తెర మీద ఇప్పుడు వంతు అవతలివాళ్లది. వాళ్ల నంబరు పక్కన చుక్క బూడిదరంగులో ఉంది, అంటే అక్కడ ఎవరూ లేరు. ఏ దేశమో తెలియదు, నిద్రపోతూ ఉండొచ్చు అన్నాను. అవునన్నాడు. విసుగెత్తి ఇంకెవరితోనో ఆడుకుంటూ ఉండొచ్చు, అది మాత్రం నేననలేదు. అనక్కర్లేదు కూడా, ఆయన ముఖంలో ఉంది.

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచాడు.

“అబ్బాయ్, కాసేపు కూర్చుని ఇందాక నువ్వు చూసినవన్నీ నాకు నేర్పి పో. వైఫై బాగుందా, వెబ్‌సైటు బతికుందా, నా పెట్టెలో ఎవరైనా అడ్డమున్నారా, అన్నీ నేనే చూసుకోవాలి. జవాబు రాకపోతే తప్పు నావైపు ఉందో లేదో నాకు తెలియాలి. అన్నీ బాగానే ఉండీ రాకపోతే, అది నేను చూసుకుంటాను.”