ఇంటి శోకం, దారి దరువు

మేడ్చల్ బస్టాండు వెనుక సందులో, పిండిగిర్ని మీద, రాఘవేందర్ పాటలు రికార్డు చేయడానికి అద్దెకు తీసుకున్న గది గోడలకు లోపలంతా కోడిగుడ్ల అట్టలు అతికించి ఉండేవి. ఆ చుట్టుపక్కల కోళ్లఫారాలకు కొదవ లేదు కనుక అట్టలకూ కొదవ లేదు. అవి గోడకుంటే ధ్వని తిరిగి మోగదని ఎవరో చెప్పగా అతడు నమ్మాడు. ధ్వని సంగతి ఎలా ఉన్నా, ముసురు పట్టిన రోజుల్లో మాత్రం ఆ గది సంగీతానికి కాక కోళ్లకే నివాసమన్నట్టు వాసన వేసేది. కింద గిర్ని ఆగితే పైన పాట మొదలయ్యేది. గిర్ని తిరిగితే పాట ఆగేది. జొన్నలకూ స్వరాలకూ అలా కుదిరిన ఒప్పందం ఏళ్ల తరబడి చెల్లింది.

1994లో ఆ గది తెరిచినప్పుడు అతడు అనుకున్నది ఒకటి, చేసినది మరొకటి. చేసినది చాలా ఉంది. సుచిత్ర చౌరస్తాలోని చీరల దుకాణానికి కేబుల్ టీవీ ప్రకటన చేశాడు. కుత్బుల్లాపూర్ కార్మికవాడల్లో ఎన్నికలకు నిలబడినవారికి, వారిమీద నిలబడినవారికి కూడా, ప్రచారగీతాలు కట్టాడు. కోళ్లదాణాకు ఒక పాట, వినాయక మండపాలకు ఏటేటా క్యాసెట్లు సరేసరి. అనుకున్నది మాత్రం ఒక్కటే. పల్లవీ చరణాలూ లేకుండా, వాయిద్యాల హోరు లేకుండా, ఒక్క గొంతు, దాని కింద సన్నని శ్రుతి. మనిషి మాట ఎక్కడ ముగిసి పాట ఎక్కడ మొదలవుతుందో తెలియని చోట నిలిచే సంగీతం. దానిని అతడు ‘సొంత పని’ అనేవాడు. సొంత పని ఆదివారాలకు వాయిదా పడేది. ఆదివారాలను అద్దె పని మింగేసేది.

రిథమ్ ప్యాడ్ వాయించే షుకూర్ శామీర్‌పేట కూరగాయల వ్యాపారి కొడుకు, అతడికి చిన్ననాటి స్నేహితుడు. ఈ సొంత పని మీద షుకూర్‌కు గౌరవం లేదు.

“అన్నా, నీ సొంత మ్యూజిక్ ఇంటుంటే జనం టేప్‌రికార్డర్ ఖరాబైందనుకొని నెత్తిమీద కొడ్తరు. దరువు లేనిది పాటెట్లయితది?”

“దరువు నీ బతుకుదెరువు షుకూర్. నా పాటకు గాదు.”

“సహీ బాత్. నా బతుకుదెరువుకే నీది గూడ ఏలాడ్తాంది, యాద్ పెట్టుకో.”

ఆ మాట నిజమే కనుక రాఘవేందర్ నవ్వి ఊరుకునేవాడు.

అతడి సొంత పనికి మూలం శామీర్‌పేటలో ఉంది. ఆమె అతడి మేనత్త దుర్గాబాయి. శోకమంటే దుఃఖమని నిఘంటువు చెబుతుంది. శామీర్‌పేట ఆడవారికి ఆ అర్థం చాలదు. వారికి శోకం ఒక పని. ముగ్గు పెట్టినట్టు, బొట్టు పెట్టినట్టు దానిని ‘పెడతారు’. ఎర్రసిరాతో సున్న చుట్టవలసిన ప్రయోగం కాదది. ఆ క్రియలోనే ఆ పని మర్యాద అంతా ఉంది. ఊరిలో ఎవరైనా పోతే, దుర్గాబాయి వచ్చేదాకా ఆ ఇంట్లో వినిపించేది ఏడుపు మాత్రమే. ఆమె వచ్చి, పోయినవారి తలవైపు కూర్చుని, పైనుంచి కిందికి మెట్లు దిగినట్టుగా ఒక వాక్యం ఎత్తుకుంటే తక్కిన ఆడవారి దుఃఖానికి దారి దొరికేది. వాక్యం చివర ఊపిరి తెగినట్టు ఆమె ఆగే చోటు ఒకటుండేది. అక్కడ రాతిగుండెవాడైనా తల దించేవాడు.

1991లో ఆమె భర్త వీరభద్రం పోయినప్పుడు రాఘవేందర్ కూడా తల దించాడు. కాని కంట నీరు రాలేదు. ఆ దిగుడు ఏ స్వరం మీద వాలుతోందో పట్టుకునే ప్రయత్నంలో ఉన్నాడతడు. తనను చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని అంగడి తిప్పిన మామ శవం ముందు నిలబడి స్వరం వెతుక్కున్నందుకు అతడికి అప్పుడే సిగ్గువేసింది. ఆ సిగ్గు పోలేదు, స్వరమూ పోలేదు.

తరువాత ఎన్నో ఏళ్లు, ఒక్కసారి టేపులో పాడమని ఆమెను బతిమాలాడు.

“సావు లేని ఇంట్ల శోకం పెడ్తరారా? ఇల్లు ఇంటది అల్లుడా.”

“టేపులకే గదత్తా.”

“టేపుకు తెల్వదు. ఇంటికి తెల్సు.”

చివరకు 2003లో పెత్రమాస నాడు ఆమే కబురు పంపింది. పెత్రమాస అంటే పెద్దల అమావాస్య. పోయినవారు ఆ పూట ఇంటికి వస్తారని నమ్మకం. అయ్యగారికి బియ్యమూ కూరగాయలూ ఇచ్చి పంపిన తరువాత దుర్గాబాయి వాకిట్లో చాప పరిచింది.

“ఇయ్యాల మీ మామ ఒస్తడు. ఆయన కోసం పెడ్త. నీ డబ్బ పక్కన పెట్టుకో, నేను జూడ. గని ఒక మాట. దీనికి దరువు ఎయ్యకు.”

“ఎయ్యనత్తా.”

“గట్ల నోటి మాటగ అనకు. డప్పు దారిది, శోకం ఇంటిది. పీనుగ గడప దాటినంకనే డప్పు. దరువేస్తే కాళ్లు లేస్తయ్. ఇంట్ల కాళ్లు లేవద్దు.”

రాఘవేందర్ ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. ఆ మధ్యాహ్నం టేపులోకి ఎక్కిన గొంతును అతడు ఆ చలికాలమంతా విన్నాడు. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న సంగీతానికి నడుమ నిలిచే స్తంభం దొరికిందనుకున్నాడు. చుట్టూ కట్టవలసినది మిగిలి ఉంది. కట్టడానికి తీరిక చిక్కలేదు.

2005లో జోగారావు వచ్చాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి, మేడ్చల్ శామీర్‌పేట దారిలో జొన్నచేలను గజాలుగా కొలిచి, హంసవనమని పేరు పెట్టి అమ్ముతున్న మనిషి. ఆ ప్రాంతంలో హంసను చూసినవారెవరూ లేరు. పేరులో ఉంటే చాలనుకున్నట్టుంది ఆయన. ఆటోలకు మైకులు కట్టి ఊరూరా తిప్పడానికి ఆయనకొక పాట కావాలి. ఒక మధ్యాహ్నం, గిర్ని ఆగిన వేళ, రాఘవేందర్ వినిపించిన ప్రతి బాణీకీ ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ఇవన్నీ ఎక్కడో విన్నట్టే ఉన్నాయండీ రాఘవేందర్ గారూ. పాట చెవి దగ్గర ఆగిపోకూడదండీ, గుండెల్లోకి దిగాలి. దిగేది లేదాండీ మీ దగ్గర?”

దిగేది! అలసిపోయిన వేళ్లు కీబోర్డు మీద వాటంతట అవే ఆ మెట్లు దిగాయి. శ్రుతి చూసుకుంటున్నాడేమో అనిపించేంత మామూలుగా దిగాయి. సంగతి తెలియని షుకూర్, అలవాటు కొద్దీ, ఆ దిగుడుకు ఒక దరువు జత చేశాడు. జోగారావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“అదేనండీ! ఇంతసేపూ ఎక్కడ దాచారండీ బాబూ!”

‘అది కాదు’ అన్న రెండు మాటలు చాలు. రాఘవేందర్ నోట అవి రాలేదు. అటు తరువాత తనకు తాను చెప్పుకున్న సమాధానంలో మాత్రం చాలా మాటలున్నాయి. బాణీ అనుకోకుండా వాడబడింది. దరువు షుకూర్ చేత వేయబడింది. పాట జోగారావుచే ఎంచుకోబడింది. తెలుగు నుడికారానికి కర్మణి ప్రయోగం సరిపడదని పెద్దలంటారు. తప్పు చేసినవాడి నాలుకకు అది ఎంత చక్కగా సరిపడుతుందో వారు చెప్పలేదు.

‘గజమొక్కటి బంగారం, హంసవనం సింగారం’ అని పాట తయారైంది. ఇంట్లో వినిపించినప్పుడు, చేటలో బియ్యం ఏరుతున్న భార్య వినోద చెయ్యి ఆగిపోయింది.

“గిది దుర్గత్తమ్మ శోకం గదా?”

“స్పీడు పెంచినం. ఎవలు గుర్తువడ్తరు?”

“నేను గుర్తువట్టలే?”

అతడు టేపు ఆపలేదు. చప్పుడు తగ్గించాడు, అంతే.

ఆటోలు మేడ్చల్ నుంచి పేట్ బషీరాబాద్ దాకా, ఇటు శామీర్‌పేట గల్లీల దాకా తిరిగాయి. బడిపిల్లలు పాడారు. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండువాళ్లు వాయించారు; బరాత్ ముందు కుర్రకారు ఎగిరింది. రాఘవేందర్‌కు చేతినిండా పని వచ్చింది. ఆటో వస్తున్న చప్పుడు వినగానే అతడు గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. లోపలి ధ్వనిని అణచే గుడ్ల అట్టలు బయటి ధ్వనిని ఆపవని అప్పుడు తెలిసివచ్చింది. అత్త ఇంటికి పోవడం మానుకున్నాడు. ఒకసారి అంగడిలో ఎదురుపడితే ఆమె “పిల్లలు మంచిగున్నరా?” అని అడిగి, వంకాయలు ఏరుకుంటూ ముందుకు సాగింది. తిట్టి ఉంటే ఆ పూట అతడికి అన్నం సయించేది.

మరుసటి ఏడు వానాకాలంలో రాఘవేందర్ తండ్రి బక్కయ్య పోయాడు. పొద్దున్నే ఇల్లు నిండింది. ఆడవారు దుర్గాబాయి కోసం ఎదురుచూశారు. పోయినది ఆమె తోడబుట్టినవాడు మరి. ఆమె వచ్చింది, అన్న తలవైపు కూర్చుంది, ఎత్తుకుంది.

“ఓ నా అన్నా... నన్నిడిసి ఏడవోతివన్నా...”

వాక్యం మెట్లు దిగి, ఊపిరి తెగే చోటికి వచ్చింది. ఆమెకు ఎదురుగా, ఆ ఏడే కాపురానికి వచ్చిన ఒక పక్కింటి కోడలు కూర్చుని ఏడుస్తోంది. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లే. పాపం, కాలి బొటనవేలికి ఆ సంగతి తెలియదు. అది నేల మీద మెల్లగా దరువు వేసింది.

దుర్గాబాయి ఆ వేలిని చూసింది. తరువాత, గుమ్మం పక్కన నిలబడిన మేనల్లుడిని చూసింది. రెండవ వాక్యం ఎత్తుకోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊరికే కూర్చుంది. తక్కినవారు ఎవరికి తోచినట్టు వారు ఏడ్చారు. బక్కయ్య శోకం లేకుండానే గడప దాటాడు. దారిలో డప్పు మొదలైంది. అది దాని చోటులోనే మోగింది.

దినాలు తీరిన తరువాత రాఘవేందర్ జోగారావు దగ్గరికి పోయి ఉన్న విషయం చెప్పాడు. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. “అయ్యయ్యో, ముందే ఒక్క మాట చెప్పకపోయారాండీ!” అని అప్పటికప్పుడే మైకులు విప్పించాడు. కాని పాట అప్పటికే ఆటోలు దిగి మొబైల్ ఫోన్లు ఎక్కింది. దానిని ఆపగల చోటు ఒక్కటే ఉండింది: గిర్ని ఆగిన ఆ మధ్యాహ్నం, ఆ రెండు మాటల దగ్గర.

పెత్రమాస నాటి క్యాసెట్టు తీసుకుని అతడు అత్త ఇంటికి పోయాడు.

“నీది నీకే ఇస్తున్నత్తా. నేను దీంతోని ఏం జెయ్య.”

“నేనేం జేసుకోను? పిట్ట పొయినంక పంజరమా?”

“తప్పు జేసిన. తిట్టు అత్తా.”

“తిడ్తే నీకు సల్లగైతది. నాకేమైతది?” ఆమె క్యాసెట్టును అటూ ఇటూ తిప్పి చూసి అతడి ఒళ్లోనే పెట్టింది. “మా అన్న శోకం లేక పొయ్యిండు. దునియకంత పాటలు గడ్తవు గదా, మీ నాయినకొకటి గట్టు. పెత్రమాసకు పెడ్త.”

అతడి జీవితంలో ఇంతకు మించిన పని ఎవరూ అప్పగించలేదు. కట్టాడు. గదిలో ఒంటరిగా కూర్చుని, దరువు లేకుండా, శ్రుతి మాత్రమే పెట్టుకుని, తండ్రిని తలుచుకుంటూ కట్టాడు. పెత్రమాస నాడు అత్త ముందు పాడి వినిపించాడు. ఆమె శ్రద్ధగా విన్నది.

“మంచిగున్నది. అమ్మితే పోతది.”

ఆ మాట అతడి గుండెలో ముల్లులా దిగింది. అయినా దసరా ముందు ఒక మిఠాయి దుకాణం యజమాని తొందరపెట్టగా, అదే బాణీకి దరువు కట్టి ఇచ్చేశాడు. అత్త సరిగ్గానే వెలకట్టింది; అది పోయింది. తరువాతి పెత్రమాసకు ఇంకొకటి తీసుకుపోయాడు. “గిది గూడ పోతది” అన్నది. అదీ పోయింది. తన వేళ్లు ఏది ముట్టినా సరుకే అవుతోందని అతడికి భయం పట్టుకుంది.

2008లో అతడు ఏమీ తీసుకుపోలేదు. ఖాళీ చేతులతో వాకిట్లో చాప మీద కూర్చున్నాడు. అయ్యగారు బియ్యం కట్టుకుని అప్పుడే వెళ్లాడు. గల్లీ చివర ఆడపిల్లలు బతుకమ్మకు తంగేడు పూలు తెస్తున్నారు.

“ఏం తేలేదా?” అన్నది దుర్గాబాయి.

“రాలేదత్తా.”

ఆమె తల ఎత్తింది.

“మళ్ల అను.”

“ఏంది?”

“గిప్పుడన్నదే. గట్లనే అను.”

“రాలేదత్తా...”

దుర్గాబాయి కళ్లు మూసుకుంది. ఆ మాట ‘రా’ దగ్గర లేచి, చివరకు వచ్చేసరికి ఎవరూ పట్టుకోకపోతే పడిపోయేటట్టు పడింది. ఆమె దానిని పట్టుకుంది.

“రాలేదన్నా... నీకు శోకం రాలేదన్నా... నీ ఇంట్ల నా గొంతు లేవలేదన్నా...”

అది పాతది కాదు. మెట్లు లేవు, దిగుడు లేదు. ఒక మనిషి చేతకాక పలికిన మాట, అంతే. అది వాకిలి దాటి వీధిలోకి పోలేదు, వాకిట్లోనే నిలిచింది. ముసలితనంతో వణికే ఆ గొంతు మీదుగా రాఘవేందర్‌కు తండ్రి ముఖం కనబడింది, కళ్లు నిండాయి. ఈసారి నీళ్లు వచ్చాయని అతడు తేలికపడబోయాడు. అంతలో మోకాలి మీద ఏదో కదులుతున్నట్టు తోచి చూసుకున్నాడు. అతడి చూపుడువేలు, ఎవరూ అడగకుండానే, దరువు లెక్క పెడుతోంది.

అతడు ఆ చేతిని తొడ కిందికి దోపి, దాని మీద బరువంతా వేసి, శోకం ముగిసేదాకా కదలకుండా కూర్చున్నాడు.